కళాయి పోయిన గుండిగ

బీరువా

నేను చేరిన బడిలో ప్రయోగశాల అంటే ఒక చెక్క బీరువా. దాని తాళంచెవి పెద్దటీచరమ్మ కొంగున ఉండేది. నేను చేరిన ఏడాదికి ఆ బీరువా తెరిచారు. లోపల పగిలిన గాజు గొట్టాలు, రాయిలా గడ్డకట్టిన గంధకం, కిరసనాయిల్లో మునిగిన సోడియం ముక్క, ఒక చచ్చిన తొండ కనిపించాయి. తొండను ప్రయోగం కోసం తెప్పించారో, దానంతటదే వచ్చి ప్రాణం విడిచిందో రిజిస్టరులో రాసి లేదు. సోడియం సీసాకు మాత్రం 'ముట్టరాదు' అని చీటీ అంటించి ఉంది. దాన్ని ముట్టకుండానే దాని గురించి చాలా ఏళ్లు పాఠం చెప్పాను.

సైన్సు టీచర్లుగా చేరబోతున్న ఇద్దరమ్మాయిలు మొన్న నన్ను చూడ్డానికి వచ్చి, "మీ అనుభవాలు రాయండి మేడమ్" అన్నారు. నాకు ఎప్పుడు పర్మనెంటయింది, ఏ ఇన్‌స్పెక్టరు ఏమని మెచ్చుకున్నాడు అని రాస్తే రెండో పేజీకే మీకు ఆవలింతలు వస్తాయి. అందుకని ఒక గుండిగ సంగతి రాస్తున్నాను. దానివల్ల పాతికమంది దాకా పిల్లలు వాంతులు చేసుకున్నారు. ఒక పిల్ల చావు అంచుదాకా వెళ్లి వచ్చింది. ఏ పాపమూ ఎరగని మనిషి ఆ నింద మోసింది. తప్పు నాది.

బడి పేరు రాయను. వికారాబాద్‌లో రైలుకట్టకు అవతల ఉండే ఆడపిల్లల బడి అది, దానికి ఒక బోర్డింగు. యాలాల్ దగ్గరి పల్లెలో, కూలికి పోయే క్రైస్తవుల ఇంట్లో పుట్టాను. అలాంటి బోర్డింగులోనే పెరిగి, చదివి, టీచరునయ్యాను. మా వాడలో బూట్లు తొడుక్కున్న మొదటి ఆడదాన్ని నేనే. ఆ బూట్లు కరుస్తుండేవి. అయినా విప్పేదాన్ని కాదు. అప్పటి నా స్వభావం ఎలాంటిదో తెలియడానికి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

దాత్, గైర్ దాత్

నిజాం రాజ్యం పోయి, బళ్లలో ఉర్దూ స్థానంలోకి తెలుగు వస్తున్న రోజులవి. నేను సైన్సు చదివింది ఉర్దూలో. లోహం అంటే దాత్, లోహం కానిది గైర్ దాత్. ఇప్పుడు వాటినే లోహాలు, అలోహాలు అని చెప్పాలి. రాత్రి నేర్చుకుని పొద్దున చెప్పేదాన్ని. ఒక్కోసారి రాత్రి నేర్చుకోకుండానే చెప్పేదాన్ని.

మొదటి రోజే ఎనిమిదో తరగతిలో నాగమ్మ లేచింది. యాలాల్ వైపు గొర్రెల కాపరి మల్లప్ప కూతురు.

"టీచర్, అలోహమంటే లోహం కాదని గదా?"

"అవును."

"ఏది గాదో చెప్పిన్రు. మరి అదేందో చెప్పున్రి."

"ముందు కూర్చో" అన్నాను. జవాబు తెలియని టీచర్లకు ఇంతకు మించిన ఆయుధం లేదు. నేను చాలా ఏళ్లు వాడాను.

పుస్తకంలో లోహాల ధర్మాలు వరుసగా ఉండేవి. మెరుస్తాయి, కొడితే మోగుతాయి, రేకుల్లా సాగుతాయి, తీగల్లా లాగవచ్చు, వేడినీ కరెంటునూ తమ గుండా పోనిస్తాయి. అలోహాలకు ఇవేవీ ఉండవు. పిల్లలు దీన్ని పాటలా పాడేవారు. గది పక్కనుంచి పోతూ పెద్దటీచరమ్మ సంతోషించేది. పాదరసం నీళ్లలా కారుతుందనీ, సోడియాన్ని కత్తితో వెన్నలా కోయవచ్చనీ, బొగ్గు జాతిదే అయిన పెన్సిలు ముల్లు గుండా కరెంటు పోతుందనీ ఆ పాటలో లేదు. నేనూ చెప్పలేదు. చెబితే నాగమ్మ మళ్లీ లేస్తుందని నా భయం.

మీరు మాత్రం మొదటి రోజే చెప్పండి. ముందు వరుస నేర్పి, తర్వాత తేడాలు చెబుదామనుకుంటే ఆ తర్వాత ఎప్పటికీ రాదు.

దేవమ్మ వద్దంది

బోర్డింగులో వంట దేవమ్మది. తాండూరు దగ్గరి ఊరు ఆమెది. మా వాడలాంటి వాడే. భర్త చనిపోయాక వచ్చి వంటింట్లో చేరింది. అన్ని కులాల పిల్లలూ ఉండే చోట ఆమె చేతి కూడు తినడానికి కొందరి తల్లిదండ్రులు మొదట్లో ఒప్పుకోలేదు. ఆమె పచ్చిపులుసు తిన్నాక పిల్లలే వాళ్లను ఒప్పించారు.

దేవమ్మ అన్నీ కుండల్లో వండేది. నేను ఒకరోజు వంటింట్లోకి వెళ్లి, కుండ వేడెక్కడానికి ఎంతసేపు పడుతుందో చూసి, నేరుగా పెద్దటీచరమ్మ గదికి పోయాను. ఆమె పేరు కరుణమ్మగారు. గుంటూరు వైపు మనిషి.

"మట్టి ఉష్ణవాహకం కాదండీ. ఇత్తడి మంచి వాహకం. కట్టెలు సగం మిగులుతాయి" అన్నాను.

"మీరు సైన్సు చదివినవారు, మీకు తెలీదా! అలాగే తెప్పిద్దాం" అంది ఆమె.

తాండూరు బజారు నుంచి పెద్ద ఇత్తడి గుండిగ రైల్లో వచ్చింది. లోపలంతా తెల్లటి కళాయి పూత. కుండలు దొడ్లో ఓ మూలకు చేరాయి. గుండిగ దింపుతుంటే దేవమ్మ దాని చుట్టూ తిరిగి చూసింది.

"టీచరమ్మా, అన్నం వండుడు సరే. పులుసు పోసేటందుకైతే నాకొక్క కుండ ఉంచున్రి. ఇత్తడిల పులుపు నిలువదు."

"కళాయి ఉంది కదా."

"ఉన్నన్ని దినాలు ఉంటది. పోయినంక?"

"దేవమ్మా, ఇది వాహకం" అన్నాను నేను. ఆమె అడిగినదానికీ నేను చెప్పినదానికీ ఏం సంబంధమో ఇప్పటికీ నాకు తెలియదు. ఆ మాట ఆమెకు అర్థం కాలేదు, కాబట్టి నేను గెలిచానని అనుకున్నాను.

మెరుపు

రెండు నెలలు బాగానే గడిచాయి. ఒక గురువారం నా పాఠం లోహాల మెరుపు దగ్గరికి వచ్చింది. చూపించడానికి బీరువాలో ఏమీ లేదు. వంటింటి నుంచి గుండిగను ఎనిమిదో తరగతి ముందరి నాపరాళ్ల మీదకి దొర్లించి తెప్పించాను. కర్రతో కొట్టి మోగించాను. పక్క తరగతి వాళ్లు బడి వదిలారనుకుని పుస్తకాలు సర్దుకున్నారు.

లోపల కళాయి అప్పటికే మాసి నల్లబడింది. "లోహం మెరుస్తదన్నరు, ఇదేం మెరుస్తలేదు" అంది నాగమ్మ.

అంతే, నాకు రోషం వచ్చింది. ఇటుకపొడి, చింతపండు, కొబ్బరి పీచు తెప్పించి పిల్లల్ని రెండు జట్లు చేశాను. ఎవరి సగం ఎక్కువ మెరిస్తే వాళ్లు గెలిచినట్టు. పావుగంటలో గుండిగ లోపల పసుపు రంగు తేలి బంగారంలా ధగధగలాడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. "చూశారా, ఇదీ లోహపు మెరుపు" అన్నాను. వంటింటి గుమ్మంలో దేవమ్మ నిలబడి చూస్తోంది.

వాళ్లు తోమేసింది మురికిని కాదు. కళాయిని, అంటే తగరం పూతను. ఇత్తడికీ పులుపుకూ మధ్య ఉన్న ఒకే ఒక్క తెరను నేను పోటీ పెట్టి మరీ తీయించాను. ఆ పాఠం చివర్లో 'ఆమ్లాలతో లోహాల చర్య' అని ఒక పేజీ ఉంది. పరీక్షలో అడగరని ఆ పేజీ దాటేశాను.

శుక్రవారం

మర్నాడు పొద్దునే దేవమ్మ పచ్చిపులుసు కలిపి గుండిగలో పోసింది. కుండలు వాడొద్దన్నది నేనే, పోయడానికి ఇంకో గిన్నె ఆమెకు లేదు. మధ్యాహ్నం భోజనాల దాకా అది అందులోనే ఉంది. తిన్న గంటకు చివరి బల్ల మీది పిల్ల నోరు మూసుకుని బయటికి పరుగెత్తింది. దాని వెనక ఇంకొకతి. చూస్తుండగానే వరండా అంతా పిల్లలే, అందరూ వంగి కక్కుతున్నారు. నాగమ్మకు పచ్చిపులుసంటే ప్రాణం, అందరికంటే రెండు గరిటెలు ఎక్కువ తాగింది. సాయంత్రానికి కళ్లు లోపలికి పోయి, పిలిస్తే పలకలేదు. ఆసుపత్రికి మోసుకుపోయారు. తిండిలో ఏదో విషం కలిసిందన్నాడు డాక్టరు. అంతకుమించి ఆయనకీ తెలియలేదు.

నాకు తెలిసింది. అందరూ ఆసుపత్రి దగ్గర ఉండగా ఒక్కదాన్నే వంటింట్లోకి వెళ్లాను. గుండిగ అంచున, పులుసు నిలిచినంత మేర, ఆకుపచ్చ చార ఉంది. మిగిలిన పులుసు కొంచెం సీసాలో పోసుకున్నాను. ఒక ఇనుప మేకును రాతి మీద బాగా గీకి అందులో వేశాను. చీకటి పడేలోపే మేకు మొన మీద ఎర్రటి పూత పట్టింది, రాగి. ఇత్తడిలోని రాగి పులుసులోకి దిగింది. అదే ఇప్పుడు ఇనుము మీదకి ఎక్కింది. నా జీవితంలో పుస్తకంలో చెప్పినట్టు వచ్చిన మొదటి ప్రయోగం అది. సీసాకు బిరడా పెట్టి, నా ట్రంకుపెట్టెలో చీరల కింద దాచాను.

శనివారం తాండూరు రైల్లో మల్లప్ప దిగాడు. భుజాన గొంగడి, చేతిలో కర్ర. ఆసుపత్రిలో బిడ్డను చూసి నేరుగా బడికొచ్చాడు.

"ఎవ్వతె వండింది? బయటికి రమ్మనున్రి. నా బిడ్డకేమన్నయితే ఈడ ఒక్కల్ని ఇడువ."

అతని వెనక వచ్చినవాళ్లు తలో మాట అన్నారు. మందు పెట్టిందని ఒకడు, ఆ చేతి కూడు తినబెడితే ఇట్లనే అయితదని ఇంకొకడు. కరుణమ్మగారు దేవమ్మను పిలిచి, ఇంటికి పొమ్మంది. దేవమ్మ కొంగు దులుపుకుని మా అందరి ముందునుంచే గేటు దాటింది. వాళ్లలో ఒకడు ఆమె వెనక ఉమ్మేశాడు. నేను వరండాలో నిలబడే ఉన్నాను. నా బూట్లు మెరుస్తున్నాయి.

ఎందుకు నోరు విప్పలేదో నిజం రాస్తాను. నా ఉద్యోగం ఇంకా టెంపరరీ. అది ఒక కారణం. ఆ చేతి కూడు అన్న మాట రేపు ఈ చేతి పాఠం అవుతుందని భయపడ్డాను. ఇది అసలు కారణం.

అర్జీ

ఆదివారం ప్రార్థన అయ్యాక, మధ్యాహ్నం దేవమ్మ నా గదికి వచ్చింది. నన్ను తిట్టడానికి వచ్చిందనుకుని లేచి నిలబడ్డాను.

"వందనాలమ్మా. ఒక అర్జీ రాసిపెట్టు. నాకు సదువు రాదు గదా."

కాగితం తీశాను. "ఏం రాయాలి?"

"తప్పయింది, మన్నించున్రి అని రాయి. ఇంక మీదట మంచిగ చేస్త అని రాయి."

"నువ్వేం తప్పు చేశావు?"

"చెయ్యలే. గని తప్పు చెయ్యలేదంటే పనిల పెట్టుకోరు. చేసిన అంటే ఎప్పటికన్న మల్ల పెట్టుకుంటరు."

నేను 'మహారాజశ్రీ' అని మాత్రం రాసి ఆగిపోయాను. కలం ముందుకు పోలేదు.

"రాయి తల్లీ. నాకెర్కనే. నువ్వు గురువారం తోమిచ్చినప్పుడే లోపటి తెలుపు పోయింది, నేను చూసిన."

"చూసి కూడా అందులో ఎందుకు పోశావు?"

"మరి దేంట్ల పోయాలె? కుండలు నువ్వే తీపిచ్చినవు. అప్పుడు చెప్పిన, ఇనలే. మల్ల చెప్తె ఏమంటవు? గదేందో అంటివి గదా, వాహకమని. నేను గూడ పెద్దమ్మగారి కాడికి ఉరికి చెప్పాల్సి ఉండె. పిల్లలు ఇంత గనం పరేషాన్ అయితరని అనుకోలే. గది నా తప్పే. గదే రాయి."

ఆ మనిషి తన వాటా తప్పు తానే వెతుక్కుని తీసుకుంది. నాకు అంత పెద్ద వాటా ఉండగా నేను దాన్ని ట్రంకుపెట్టెలో దాచుకున్నాను. కాగితం చింపేశాను.

"అర్జీ అక్కర్లేదు. రేపు బడికి రా."

"నిజం చెప్పి రమ్మంటే వస్త. ఊకె రమ్మంటె రాను" అని వెళ్లిపోయింది.

సోమవారం

పొద్దునే కరుణమ్మగారి గదిలో మొత్తం చెప్పేశాను. సీసా, మేకు బల్ల మీద పెట్టాను. ఆమె వాటిని ముట్టుకోలేదు.

"సుగుణమ్మగారూ, మీరిది చెప్పలేదు, నేను వినలేదు. చింతపండు చెడిందని చెబుదామండీ. దేవమ్మని రెండు నెలలాగి తెచ్చుకుందాం. మన బడి టీచరే పిల్లలకి విషం పెట్టిందంటే రేపు ఒక్క పిల్లని పంపుతారా?"

ఆమె చెడ్డ మనిషి కాదు. ఆ బడి తలుపులు తెరిచి ఉంచడానికి ఆమె పడిన పాట్లు నేను చూశాను. ఆమె చెప్పినదాంట్లో లెక్క కూడా తప్పు లేదు. అందుకే అలాంటి మాట వినడం చాలా సులువు. మీ పైవాళ్లు మిమ్మల్ని తప్పు దారి పట్టించేది కేకలు వేసి కాదు. ఇలా కుర్చీ చూపించి, మెల్లగా మాట్లాడి.

"చెడిన చింతపండు మేకుకు రాగి పూయదండీ" అని సీసా తీసుకుని బయటికొచ్చాను.

వరండాలో మల్లప్ప ఉన్నాడు. నాగమ్మకు ఆదివారం నుంచి జావ నిలుస్తోంది. దాన్ని ఊరికి తీసుకుపోవడానికి వచ్చాడు, పెట్టె సర్దించాడు. పిల్ల అతని గొంగడి కప్పుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. ఎనిమిదో తరగతి పిల్లలందరినీ అక్కడికే పిలిచాను. గుండిగ మళ్లీ దొర్లుకుంటూ వచ్చింది. ఈసారి కొట్టి మోగించలేదు.

పుస్తకం పట్టుకుని, దాటేసిన పేజీ చదివాను. తర్వాత మేకు చూపించాను. కుండ ముక్కలో పొద్దుటినుంచి నానబెట్టిన పులుసులో ఇంకో మేకు ఉంది. దాన్నీ తీసి చూపించాను, అది ఇనుములాగే ఉంది. కుండలు తీయించింది నేను, కళాయి తోమించింది నేను, ఆ సంగతి శుక్రవారమే తెలిసి మూడు రోజులు దాచింది నేను. దేవమ్మ ముందే వద్దంది. ఇవన్నీ వరసగా చెప్పాను.

మల్లప్ప లేచాడు. కర్ర ఎత్తుతాడేమో అనుకున్నాను. గుండిగలోకి వంగి, వేలితో అంచు గీకి చూశాడు.

"ఇత్తడిల పులుపు పొయ్యద్దని మా ముసల్దానికి గూడ ఎర్క. గదేం బడికి పోలే. నువ్వు పట్నంల ఏం సదివినవు టీచరమ్మా?"

పిల్లల్లో ఎవరో కిసుక్కున నవ్వి, నోరు మూసుకున్నారు.

మల్లప్ప వేలు ధోవతికి తుడుచుకున్నాడు. "చిలుంపట్టిన తొట్టిల నీళ్లు తాగి మా గొర్లు రెండు సచ్చినయి ఒకసారి. తొట్టి కడుగనిది నేనే. ఇంట్ల ఎవ్వరికీ చెప్పలే" అన్నాడు. తర్వాత గేటు వైపు తిరిగి, తన వెంట వచ్చిన వాడితో గట్టిగా అన్నాడు. "పోయి గా దేవమ్మను పిల్చుకరా పో. ఆమె మీద ఉమ్మేసింది నువ్వే గదా, నువ్వే పో."

అప్పుడు గొంగడిలోంచి నాగమ్మ గొంతు సన్నగా వచ్చింది.

"టీచర్, కుండ లోహమా, అలోహమా?"

'ముందు కూర్చో' అనడానికి లేదు, అది కూర్చునే ఉంది.

"తెల్వదు బిడ్డా. చూసి చెప్తా" అన్నాను.

మూడు రోజులు పుస్తకాలు తిరగేస్తే తెలిసింది. మన్ను మూలకమే కాదు, కాబట్టి రెండింట్లో ఏదీ కాదు. దానిలో లోహాలూ అలోహాలూ ఆక్సిజన్‌తో ముడిపడి ఉన్నాయి. ముడిపడి ఉన్నాయి కాబట్టే చింతపండు పులుపు దాన్నేమీ చేయలేదు. ఆ జవాబు నాగమ్మకు చెప్పగలిగాను, ఎందుకంటే మల్లప్ప పెట్టె తిరిగి బోర్డింగులోనే పెట్టించాడు. ఒక షరతు పెట్టాడు. "సదువు చెప్పు. వంటింట్లకు మాత్రం నువ్వు పోవద్దు."

నా ఉద్యోగం పర్మనెంటు కావడానికి ఆ తర్వాత చాలాకాలం పట్టింది. కరుణమ్మగారు నాతో మాట్లాడటానికి ఇంకొంచెం ఎక్కువ కాలం పట్టింది.

మంగళవారం

సోమవారం సాయంత్రం దేవమ్మ వచ్చింది. వంటింట్లోకి పోలేదు. దొడ్డి మూల ఉన్న కుండలు ఒక్కొక్కటీ తెచ్చి కడిగి, బోర్లించి వెళ్లింది. మంగళవారం మధ్యాహ్నం అన్నం, పప్పు వండి, కుండ నిండా పచ్చిపులుసు కలిపి వరండాలో పెట్టుకుని కూర్చుంది.

పిల్లలు అన్నం, పప్పు పెట్టించుకున్నారు. పులుసు దగ్గరికి వచ్చేసరికి పళ్లెం పక్కకు తిప్పుకుని పోయారు. ఒకతి, రెండోది, పదోది. దేవమ్మ గరిటె చేత్తో పట్టుకుని అలాగే ఉంది. తలెత్తలేదు. కరుణమ్మగారు తన గది కిటికీలోంచి చూస్తోంది.

నేను లోపలికి పోయి ఒక పళ్లెం, ఒక గ్లాసు తెచ్చుకుని వరసలో నిలబడ్డాను. టీచర్లు పిల్లల వరసలో నిలబడటం ఆ బడిలో లేదు. నా వంతు రాగానే గ్లాసు ముందుకు చాపాను.

"పొయ్యి దేవమ్మక్కా."

ఆమె నన్ను చూసింది. అక్కా అని పిలవడం అదే మొదటిసారి. గ్లాసు నిండా పోసింది. నేను అక్కడే, అందరూ చూస్తుండగా, ఆపకుండా తాగేసి మళ్లీ చాపాను. రెండో గ్లాసు కూడా తాగాను. నా వెనక నిలబడ్డ పిల్ల కాసేపు నా మొహం పరీక్షగా చూసి, తన పళ్లెం ముందుకు పెట్టింది. దాని వెనకది కూడా పెట్టింది.

"ఎట్లున్నదమ్మా?" అని అడిగింది దేవమ్మ.

"మస్తుగున్నది" అన్నాను.

ఉప్పు కషాయం. రెండు గ్లాసులు ఎలా దిగాయో ఆ దేవుడికే తెలియాలి.